నిజాంపేట మేడ మీద నిలువు గాలిమర: డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీరు నలుగురు, బీటెక్ మెకానికల్ ఫైనలియర్. నిజాంపేటలో మీలో ఒకరి మూడంతస్తుల ఇంటి మేడ మీద ఒక కిలోవాట్ నిలువు గాలిమర (నిలువు షాఫ్టు చుట్టూ తిరిగేది) పెట్టి ఇంటికి కరెంటు ఇవ్వాలని ప్రాజెక్టు. గైడ్ సవోనియస్ చేయమంటున్నారు, మీకేమో వీడియోల్లో చూసిన మెలితిరిగిన డారియస్ నచ్చింది (రెండూ నిలువు గాలిమరల్లో రకాలే, తేడా కింద చెప్తాను). ఏది మంచిది, బ్లేడు షేపు ఎలా తేల్చాలి, జనరేటర్ ఏది కొనాలి అని అడిగారు.

బ్లేడు షేపు గురించి అందరూ ముందు అడుగుతారు. నా లెక్కలో అది చివరి ప్రశ్న. ముందు ఆ కిలోవాట్ సంగతి తేల్చుకుందాం.

గాలిలో ఉండే పవర్ అంటే సగం × గాలి సాంద్రత × రోటార్ (తిరిగే భాగం) ముఖ వైశాల్యం × గాలి వేగం ఘనం. పుస్తకాల్లో సాంద్రత ఘనపు మీటరుకి 1.225 కిలోలు అని వేస్తారు, అది సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల చలిలో. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, మన మేడ మీద 30 డిగ్రీలు మామూలే. ఇక్కడ 1.09 వేసుకోండి. ఇంకా ఏమీ కట్టకముందే పదకొండు శాతం పోయింది. నిలువు గాలిమరకి ముఖ వైశాల్యం అంటే వ్యాసం × ఎత్తు, అంతే. రెండు మీటర్ల వ్యాసం, రెండు మీటర్ల ఎత్తు అనుకుంటే 4 చదరపు మీటర్లు. కాలేజీ వర్క్‌షాపులో చేయగలిగిన దాంట్లో ఇది పెద్ద సైజే.

సెకనుకి 5 మీటర్ల గాలిలో ఈ 4 చదరపు మీటర్ల గుండా పోయే మొత్తం పవర్ 272 వాట్లు. ఎంత గొప్ప గాలిమర అయినా అందులో 59.3 శాతానికి మించి తీసుకోలేదు, బెట్జ్ పరిమితి అంటే అదే. చిన్న సైజు డారియస్ బాగా కుదిరితే 25 శాతం తీసుకుంటుంది, అంటే షాఫ్ట్ మీద 68 వాట్లు. జనరేటర్, రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసేది), కంట్రోలర్ (బ్యాటరీ ఛార్జింగు చూసేది) కలిపి పావు వంతు తినేస్తే బ్యాటరీకి చేరేది 51. అదే 3 మీటర్ల గాలిలో 11 వాట్లు, ఒక ఎల్‌ఈడీ బల్బు. 10 మీటర్ల గాలిలో 400 పైచిలుకు. 5 మీటర్ల గాలిలో నిజంగా కిలోవాట్ కావాలంటే వైశాల్యం 78 చదరపు మీటర్లు, అంటే దాదాపు 9 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల ఎత్తు. అది మేడ మీద పెట్టే వస్తువు కాదు.

ఈ లెక్క నోటికి వస్తే ఇంకో లాభం ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మే ముద్దొచ్చే తులిప్ షేపు గాలిమరలు చూసే ఉంటారు, అరవై సెంటీమీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు, మీద '1000 వాట్లు' అని స్టిక్కర్. 10 మీటర్ల గాలిలో ఆ ముఖం గుండా పోయే గాలి మొత్తం పవరే 327 వాట్లు. లేని పవర్ ఎక్కడినుంచి తీస్తుందో అమ్మేవాడినే అడగాలి. రేటింగ్ పక్కన 'ఏ గాలివేగం దగ్గర' అని రాయని బ్రోచర్ చదవడం దండగ.

ఇక మీ మేడ మీద గాలి ఎంత? నగరానికి మంచి గాలి జూన్ నుంచి ఆగస్టు దాకా, నైరుతి రుతుపవనాలతో వస్తుంది. ఆషాఢం గాలికి తలుపులు కొట్టుకోవడం మనకి తెలిసిందే. అక్టోబర్, నవంబర్లలో ఆకు కూడా కదలదు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ మ్యాపులు, గ్లోబల్ విండ్ అట్లాస్ చూడండి, కానీ అవి ప్రధానంగా చెప్పేది 50, 100 మీటర్ల ఎత్తున గాలి గురించి. పరిగి గుట్టల మీద పెద్ద గాలిమరలు తిరుగుతున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడ ఎత్తు వేరు, అడ్డు లేని నేల వేరు. నిజాంపేటలో మీ చుట్టూ అపార్ట్‌మెంట్లు.

సంక్రాంతికి మేడ మీద పతంగి ఎగరేసిన వాళ్ళకి ఈ విషయం వేళ్ళకే తెలుసు. పిట్టగోడ దాటిన కొత్తలో పతంగి గింగిరాలు కొడుతుంది, పక్కింటి మీద పడుతుంది, గుంజి గుంజి ఇంకో రెండు అంతస్తుల ఎత్తుకి తీసుకెళ్ళాక ఒక్కసారిగా మాంజా బిగుసుకుంటుంది. ఆ బిగుసుకున్న చోటే మీకు కావలసిన గాలి. దాని కింద ఉన్నదంతా భవనాలకి తగిలి చెదిరిన గాలి. ఒక భవనం వెనక ఈ చెదురు దాని ఎత్తుకి రెండింతలు పైకి, ఇరవై ఇంతల దూరం దాకా కూడా పోతుంది. చుట్టూ 150 మీటర్లలో ఉన్న అన్నిటికంటే రోటార్ అడుగు కనీసం 9 మీటర్లు పైన ఉండాలనే వాడుక నియమం అందుకే పుట్టింది. నిలువు గాలిమర ఏ దిక్కు గాలినైనా తీసుకుంటుంది, నిజమే. అంతమాత్రాన చెదిరిన గాలి మంచిదైపోదు. దిక్కు మారితే ఫర్వాలేదు గానీ, వేగం లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

కాబట్టి మొదటి ఖర్చు గాలిని కొలవడానికి పెట్టండి. ఒక జీఐ పైపు, ఒక కప్ యానిమోమీటర్ (గాలివేగం కొలిచే పరికరం), ఒక ఈఎస్‌పీ32 బోర్డు (రీడింగులు రాసుకునే చిన్న కంప్యూటర్), మెమరీ కార్డు. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను అంతా దొరుకుతుంది. పైపుకి మీటరుకొకటి చొప్పున రిబ్బన్లు కట్టండి. ఎక్కడ రిబ్బను పైకీ కిందికీ కొట్టుకుంటోందో, ఎక్కడ తిన్నగా అడ్డంగా నిలబడుతోందో కళ్ళతోనే తెలుస్తుంది. రీడింగు పది సెకన్లకొకటి రాయించండి, తర్వాత సగటు వేగం కాదు, వేగం ఘనాల సగటు తీయండి. గాలి మామూలు తీరులో మారుతూ ఉంటే ఘనాల సగటు, సగటు ఘనానికి దాదాపు 1.9 రెట్లు ఉంటుంది. అంటే గాలి విసురు మీకు కొంత మేలే చేస్తుంది. సగటు 3 మీటర్లు ఉన్న చోట ఈ లెక్కతో మన 4 చదరపు మీటర్ల మర ఏడాదికి 185 యూనిట్ల లోపు ఇస్తుంది, అదీ అన్నీ కలిసొస్తే. రోజుకి అర యూనిట్. పక్కనే ఒక్క 540 వాట్ల సోలార్ ప్యానెల్ పడుకోబెడితే రోజుకి రెండు యూనిట్ల చుట్టూ ఇస్తుంది. తిరిగే ముక్క లేదు, గ్రీజు లేదు. ఇంటి కరెంటు బిల్లు తగ్గడమే లక్ష్యమైతే నా సలహా సోలారే. మీ రిపోర్టు మొదటి అధ్యాయంలో ఈ పోలిక మీరే రాసేయండి, వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగేదాకా ఆగొద్దు. గాలిమర ఎలా పనిచేస్తుందో చేతులతో నేర్చుకోవడం లక్ష్యమైతే మాత్రం ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు.

ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) డివైడర్ మీద పెట్టి బండ్ల గాలితో కరెంటు తీద్దామనే ఆలోచన కూడా ప్రతి బ్యాచ్‌లో ఒకరికి వస్తుంది. లారీ పోయిన రెండు క్షణాల విసురు, తర్వాత ఖాళీ. ఆ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మీద 23 కిలోమీటర్ల పొడవున సోలార్ కప్పు వేశారు. అక్కడికీ సమాధానం అదే.

ఇప్పుడు సవోనియస్, డారియస్. మొదటిది ఫిన్లాండ్ ఇంజనీరు సిగూర్డ్ సవోనియస్ 1920లలో చేసింది, డ్రమ్మును నిలువునా కోసి సగాలను పక్కకు జరిపినట్టు ఉంటుంది. రెండోది ఫ్రాన్సుకి చెందిన జార్జ్ డారియస్‌ది, అదే దశాబ్దం. సవోనియస్ గానుగెద్దు లాంటిది: తోస్తే కదులుతుంది, మొండి బలం ఉంటుంది, నడక నెమ్మది. అంచు వేగం గాలి వేగాన్ని పెద్దగా దాటదు. మన సైజులో 5 మీటర్ల గాలికి 48 ఆర్‌పీఎం. తీసుకునే శక్తి 15 శాతం చుట్టూ. పైగా ముఖ వైశాల్యం కంటే ఎక్కువ రేకు పడుతుంది, ఆ బరువంతా మేడ మోయాలి. నీళ్ళు తోడే పంపుకో, వెంటిలేటర్‌కో సరిపోతుంది. 48 ఆర్‌పీఎంకి కరెంటు ఇచ్చే జనరేటర్ అంటే బరువు, ఖరీదు రెండూ ఎక్కువే.

డారియస్ విమానం రెక్క సూత్రం మీద పనిచేస్తుంది. అంచు గాలి కంటే రెండున్నర, మూడు రెట్లు వేగంగా పోతుంది. 5 మీటర్ల గాలికి 143 ఆర్‌పీఎం. చిక్కల్లా మొదలుపెట్టడంలోనే ఉంది. బ్లేడుకి గాలి తగిలే కోణం గరిష్ఠంగా ఎంతన్నది వేగ నిష్పత్తి (అంచు వేగం గాలి వేగానికి ఎన్ని రెట్లు అన్నది) మీద ఆధారపడుతుంది: నిష్పత్తి 4 అయితే 14.5 డిగ్రీలు, 3 అయితే 19.5. ఒకటి దగ్గరికి దిగేసరికి 90 డిగ్రీలు. నాకా 0018 (ఒక ప్రామాణిక రెక్క ఆకారం) లాంటి సమరూప బ్లేడు మన సైజులో 12, 14 డిగ్రీలు దాటితే స్టాల్ అవుతుంది, అంటే గాలి బ్లేడుని అంటిపెట్టుకోకుండా విడిపోయి లాగే బలం పడిపోతుంది. అంటే నెమ్మదిగా తిరిగేటప్పుడు చుట్టులో ఎక్కువ భాగం స్టాల్‌లోనే గడుస్తుంది. ఒకటికీ రెండుకీ మధ్య ఉన్న ఆ గండం దాటితే ఒక్కసారిగా పుంజుకుంటుంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది.

గండం దాటించడానికి మధ్యలో చిన్న సవోనియస్ పెడతారు. పెడితే దాని వ్యాసార్థం పెద్ద రోటార్‌లో మూడో వంతు మించనివ్వకండి, మించితే పూర్తి వేగంలో అదే బ్రేకు అవుతుంది. నాకైతే జనరేటర్‌నే మోటారుగా నాలుగు క్షణాలు తిప్పి వదిలేయడం ఇష్టం. మీ గైడ్ గారికి ఇలా చెప్పి చూడండి: సూటి బ్లేడ్ల డారియస్, మూడు బ్లేడ్లు, స్టార్టింగ్‌కి మోటారు. మెలితిరిగిన బ్లేడు టార్కు (తిప్పే బలం) ఒడిదుడుకులు తగ్గిస్తుంది, కాదనను. కానీ దానికి అచ్చు చేయడమే ఒక ప్రాజెక్టు, ఏ రెండు బ్లేడ్లూ ఒకేలా రావు. సూటి బ్లేడు అయితే ఫోమ్‌ని వేడి తీగతో కోసి, మీద ఫైబర్ వేసుకోవచ్చు. వెడల్పు 20 సెంటీమీటర్లు తీసుకోండి. సన్నగా చేస్తే అందంగా ఉంటుంది గానీ రేనాల్డ్స్ సంఖ్య (వేగం, బ్లేడు వెడల్పు, గాలి జిగట కలిపి వచ్చే అంకె) పడిపోతుంది, బ్లేడు పనితనం తగ్గుతుంది. 20 సెంటీమీటర్లకి 5 మీటర్ల గాలిలో లక్షా డెబ్బై వేలు దాటుతుంది, అది ఓ మోస్తరు.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుందంటే ఆర్ముల దగ్గర. బ్లేడు నునుపు చేయడానికి వారం రోజులు కూర్చుంటారు, దాన్ని షాఫ్టుకి కలపడానికి మాత్రం షాపులో దొరికిన గుండ్రటి పైపు ముక్క వెల్డింగ్ చేసేస్తారు. లెక్క చూడండి. ఒక ఆర్ము గాలిని కోస్తూ తినే పవర్ = ఎనిమిదో వంతు × సాంద్రత × డ్రాగ్ కోఎఫిషియంట్ × పైపు మందం × కోణీయ వేగం ఘనం × వ్యాసార్థం నాలుగో ఘాతం. 25 మిల్లీమీటర్ల గుండ్రటి పైపు, కోఎఫిషియంట్ 1.1, మీటరు వ్యాసార్థం, 143 ఆర్‌పీఎం అంటే సెకనుకి 15 రేడియన్లు. ఒక్కో ఆర్ముకి 12.6 వాట్లు. బ్లేడుకి రెండు చొప్పున ఆరు ఆర్ములకి 76 వాట్లు. మీ బ్లేడ్లు సంపాదిస్తున్నది 68! ఇక ఆ మర 143 ఆర్‌పీఎంని చేరనే చేరదు, మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. మీరేమో బ్లేడు కోణం మార్చి మార్చి చూస్తూ ఉంటారు. అదే పైపు మీద చేపలాంటి తొడుగు వేస్తే డ్రాగ్ పదో వంతుకి దిగుతుంది, నష్టం ఆరింటికీ కలిపి ఏడెనిమిది వాట్లు. ఫోమ్ ముక్క, ఫైబర్, సాయంత్రం పని. కంప్యూటర్లో 2డీ సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే సిమ్యులేషన్) చేసిన వాళ్ళకి ఈ నష్టం కనిపించదు, ఎందుకంటే అక్కడ ఆర్ములే ఉండవు, బ్లేడు చివరలూ ఉండవు. అందుకే అందులో 40 శాతం వచ్చిందని సంబరపడొద్దు. క్యూబ్లేడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నిలువు మరలకి అది మీ పనికి చాలు. ఆర్ముల నష్టం మాత్రం విడిగా లెక్కేసి తీసేయండి.

ఆర్ములు ఎక్కడ కలపాలన్నదీ ముఖ్యమే. 10 మీటర్ల గాలిలో 286 ఆర్‌పీఎం. 3 కిలోల బ్లేడుని బయటికి లాగే బలం 2700 న్యూటన్లు, అంటే 275 కిలోల బరువు వేలాడుతున్నట్టు లెక్క. మధ్యలో ఒక్క ఆర్ముతో పట్టుకుంటే, లేదా రెండు చివర్లా పట్టుకుంటే, బ్లేడులో వంపు మొమెంటు 675 న్యూటన్ మీటర్లు. చివర్ల నుంచి 41 సెంటీమీటర్లు లోపలికి జరిపి రెండు ఆర్ములు పెడితే అది 116కి పడిపోతుంది. బోల్టు స్థానం మార్చినందుకు దాదాపు ఆరింతల లాభం. బ్లేడు లోపల ఆ చోట గట్టి చెక్క ముక్క పెట్టి ఫైబర్ వేయండి, ఒట్టి ఫోమ్‌కి బోల్టు బిగిస్తే నమలేస్తుంది.

జనరేటర్ విషయంలో కారు ఆల్టర్నేటర్ గురించి మరిచిపోండి, అది వెయ్యి పైన తిరిగితేగానీ నోరు విప్పదు. గేర్లు, బెల్టులు పెడితే ఉన్న నాలుగు వాట్లూ వాటికే పోతాయి. పర్మనెంట్ మాగ్నెట్‌ది, షాఫ్టుకి నేరుగా బిగించేది కావాలి. పాత ఎలక్ట్రిక్ సైకిల్ హబ్ మోటారు చవకలో దొరుకుతుంది. కానీ కొనేముందు రెండు చూడండి. 36 వోల్టులకి 280 తిరిగే మోటారు మీకు 100 ఆర్‌పీఎం దగ్గర 13 వోల్టులే ఇస్తుంది, దానికి 24 వోల్టుల బ్యాటరీ కడితే మామూలు గాలిలో ఒక్క యాంపియరు కూడా పారదు. లేత్‌కి బిగించి తిప్పి, వేగానికి ఎన్ని వోల్టులో గ్రాఫ్ గీసుకున్నాకే బ్యాటరీ తేల్చండి. రెండోది కాగింగ్, అంటే చేత్తో తిప్పితే టకటకా ఆగి ఆగి తగిలే పట్టు. 3 మీటర్ల గాలిలో మన రోటార్ బాగా తిరుగుతున్నప్పుడే ఇచ్చే టార్కు 1.6 న్యూటన్ మీటర్లు, నిలబడి ఉన్నప్పుడు అందులో చిన్న భాగమే. ఆర్ము చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి, ఎంత బరువుకి కదులుతుందో చూడండి. ఇనుప కోరు లేకుండా రెండు అయస్కాంతాల డిస్కుల మధ్య రాగి కాయిల్స్ పోతపోసే పద్ధతిలో కాగింగ్ అసలుండదు, మీలో ఎలక్ట్రికల్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళుంటే అదే చేయండి. ఆ అయస్కాంతాల దగ్గర వేళ్ళు జాగ్రత్త.

బ్రేకు లేని గాలిమరని పైకి ఎక్కించొద్దు. ఈ ఒక్క విషయంలో నేను కటువుగానే చెప్తాను. అడ్డం గాలిమర పెద్ద గాలికి పక్కకి తిరిగి తప్పుకోగలదు. నిలువు మరకి ఆ దారి లేదు, ఎటు తిరిగినా గాలి ఎదురే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఆకాశం ఎర్రబడి ఈదురుగాలి లేస్తుంది, గంటకి 70 కిలోమీటర్ల విసురు మన ఊరికి వింతేమీ కాదు. అది సెకనుకి 20 మీటర్లు. అప్పుడే బ్యాటరీ నిండి కంట్రోలర్ లోడు తీసేసిందనుకోండి, ఖాళీగా తిరిగే రోటార్ వేగ నిష్పత్తి 4కి పోతే 760 ఆర్‌పీఎం. ఒక్కో బ్లేడుని లాగే బలం దాదాపు రెండు టన్నులు. కింద వీధిలో జనం. అందుకని బ్యాటరీ నిండితే కరెంటుని వేడిగా పోగొట్టే డంప్ లోడు ఒకటి, జనరేటర్ మూడు ఫేజుల తీగల్ని ఒకదానికొకటి కలిపి షార్ట్ చేసే స్విచ్ ఒకటి, బైకు డిస్క్ బ్రేకు ఒకటి, మూడూ ఉండాలి. షార్ట్ బ్రేకు గాలి లేచే ముందు వేస్తేనే ఆగుతుంది, వేగం అందుకున్నాక వేస్తే కాయిల్స్ కాలిపోవచ్చు. డిస్క్ బ్రేకు కేబుల్ మెట్ల దగ్గరికి రావాలి, పైకి ఎక్కి వేయాల్సిన బ్రేకు గాలివానలో పనికిరాదు. సాయంత్రం మబ్బు కనిపిస్తే కట్టేసి తాడు బిగించండి.

పోలు పిట్టగోడకి కట్టొద్దు, వాటర్ ట్యాంకు స్టాండుకీ వద్దు. కింద కాలమ్ వచ్చిన చోట బేస్‌ప్లేటు వేసి, మూడు వైపులా స్టే తీగలు లాగండి. గాలి భారం లెక్క చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాదుకి ప్రాథమిక గాలివేగం సెకనుకి 44 మీటర్లు అంటుంది, మర ఆగి ఉన్నప్పుడు ఆ గాలికి నిలిచేలా పోలు లెక్క వేయాలి. ఒక్కో చదరపు మీటరుకి దాదాపు 1160 న్యూటన్లు. సివిల్ బ్రాంచి స్నేహితుడితో స్లాబు చూపించండి. ఇంకొకటి వణుకు. మూడు బ్లేడ్లు, 143 ఆర్‌పీఎం అంటే పోలుకి సెకనుకి 7 దెబ్బలు, 286 దగ్గర 14. పోలు సహజ పౌనఃపున్యం ఆ మధ్యలో పడితే మోత ఇల్లంతా వినిపిస్తుంది. బిగించాక ఫోన్‌ని పోలుకి టేపుతో కట్టి, యాక్సెలరోమీటర్ యాప్ పెట్టి, చెక్క సుత్తితో ఒక్కటి కొట్టండి, పౌనఃపున్యం తెరమీదే కనిపిస్తుంది.

బేరింగులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. కింద బరువు మోసే టేపర్ రోలర్, పైన మామూలు బాల్ బేరింగ్, రెంటి మధ్య దూరం వీలైనంత ఎక్కువ. షాఫ్టు, హబ్ బాలానగర్‌లో ఒకే సెట్టింగులో టర్నింగ్ చేయించండి. కెనడాలోని క్యాప్‌షా దగ్గర ఎయోల్ అని 110 మీటర్ల ఎత్తు డారియస్ కట్టారు, అంత పెద్దది 1993లో ఆగిపోయింది కింది బేరింగు పాడవడం వల్లే. మీది మార్చుకునేలా ఉండాలి, అంటే రోటార్ మొత్తం దించకుండా అడుగు బేరింగు బయటికి రావాలి.

మేడ మీదికి ఎక్కించే ముందు సగం సైజు మోడల్ చేసి ట్రాలీ ఆటో మీద పరీక్షించండి. గాలి లేని తెల్లవారుజామున, ఖాళీ ప్రైవేటు లేఅవుట్ రోడ్డు మీద, గంటకి 18 కిలోమీటర్లంటే 5 మీటర్ల గాలి, 36 అంటే 10. రోటార్ క్యాబిన్ కంటే బాగా ఎత్తున ఉండాలి, యానిమోమీటర్ దాని ఎత్తులోనే కొంచెం ముందుకి. క్యాబిన్ మీంచి ఎక్కే గాలి స్పీడోమీటర్ చెప్పేదానికంటే వేగంగా ఉంటుంది కాబట్టి స్పీడోమీటర్ని నమ్మొద్దు. ఒకే వేగంలో పోతూ లోడు రెసిస్టర్లు మారుస్తూ ఆర్‌పీఎం, వోల్టులు, యాంపియర్లు రాయండి. రానూ పోనూ రెండు దిక్కులా చేసి సగటు తీయండి. ముందు బ్లేడ్లు లేకుండా ఆర్ములతోనే ఒకసారి మోటారుతో తిప్పి ఎంత తింటున్నాయో కొలిచి పెట్టుకుంటే పైన నేను చెప్పిన లెక్క మీ చేతిలోనే రుజువవుతుంది. వేగ నిష్పత్తికీ పవర్ కోఎఫిషియంట్‌కీ (గాలిలోని పవర్‌లో మర పట్టే వంతు) గ్రాఫ్ వచ్చాక ఇక్కడ పెట్టండి, శిఖరం ఏ నిష్పత్తి దగ్గర వచ్చిందో చూసి జనరేటర్ వైండింగ్ గురించి చెప్తాను.